రెండవసారి స్తన తగ్గింపు శస్త్రచికిత్స: పాత కాగితం ఏదీ?

కృష్ణగిరి మండలంలోని ఒక పల్లె నుంచి కొంతకాలం క్రితం ఒక మహిళ నన్ను వెతుక్కుంటూ వచ్చారు. నేను పదవీ విరమణ చేసినవాడిని కనుక వైద్యం కోసం కాదు, సలహా కోసం వచ్చారు. వయస్సు నలభై దాటింది. ఇద్దరు పిల్లల తల్లి. సొంత చేలో పత్తి, వేరుశనగ పనులన్నీ ఆమెవే. మొదటి కాన్పు తరువాత స్తనాలు విపరీతంగా పెరిగి, మెడ, నడుము నిలవని స్థితి వచ్చినప్పుడు, అన్నగారు ఉద్యోగం చేస్తున్న నగరంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో వాటి పరిమాణం తగ్గించే శస్త్రచికిత్స చేయించుకున్నారు. అప్పుడు ఆమెకు ఇరవై నాలుగేళ్ళు. పది పన్నెండేళ్ళు హాయిగా గడిచాయి. తరువాత నెమ్మదిగా అవే బాధలు తిరిగి వచ్చాయి. వేసవిలో స్తనాల కింద చర్మం ఒరుసుకుపోయి పుండ్లు పడుతున్నాయి. “అప్పుడు బాగానే ఉండె సార్. ఇప్పుడు మళ్ళా రాత్రిపూట మెడ తిప్పేకి కాదు” అన్నారు.

నా వద్దకు రాకముందు ఆమె ముగ్గురు వైద్యులను కలిశారు. మొదటివారు “ఒకసారి తగ్గించారు కదా, మళ్ళీ పెరగడమేమిటి, అది మీ భ్రమ” అన్నారట. రెండవవారు నొప్పి మాత్రలు రాసి పంపించారు. ఇంట్లో ఒక పెద్దావిడ “పిల్లలు పెండ్లికి వచ్చినారు, ఈ వయసులో నీకు అందమెందుకే” అని ముఖం మీదే అన్నారు. మూడవ వైద్యుడు ప్లాస్టిక్ సర్జన్. ఆయన శ్రద్ధగా పరీక్షించి ఒక ప్రశ్న అడిగారు: “మొదటి శస్త్రచికిత్స ఏ పద్ధతిలో చేశారు?” ఆమె వద్ద ఉన్న డిశ్చార్జి కాగితంలో శస్త్రచికిత్స గురించి ఉన్నది ఒకే ఒక వాక్యం: ఇరువైపులా స్తన తగ్గింపు శస్త్రచికిత్స జరిగినది అని. ఆసుపత్రికి ఫోను చేస్తే, అంత పాత రికార్డులు తమ వద్ద లేవన్నారు.

ఈ వ్యాసంలో నా వాదన సూటిగా చెబుతాను. రెండవసారి ఈ శస్త్రచికిత్సను కోరడం మోజు కాదు. మొదటి సర్జన్ అసమర్థతకు అది రుజువూ కాదు. అవసరమైనవారికి అది న్యాయమైన చికిత్స. దానిని అనవసరంగా క్లిష్టం చేస్తున్నది, మన ఆసుపత్రులు శస్త్రచికిత్స వివరాలను రోగి చేతికి ఇవ్వకపోవడం. వాటిని అడిగి తీసుకోవాలని మనకు ఎవరూ చెప్పకపోవడం కూడా.

తగ్గించినది మళ్ళీ ఎందుకు పెరుగుతుంది?

“తీసేసినది మళ్ళీ ఎలా వస్తుంది?” అన్న ప్రశ్నలోనే ఒక అపోహ ఉంది. స్తన తగ్గింపులో సర్జన్ స్తనాన్ని పూర్తిగా తొలగించరు. అదనంగా ఉన్న గ్రంథి కణజాలాన్ని, కొవ్వును, సాగిన చర్మాన్ని తీసివేసి, మిగిలినదానికి ఆకృతి కల్పిస్తారు. చనుమొనకు రక్తం అందాలి, స్పర్శ మిగలాలి, వీలైతే పాలిచ్చే శక్తి కూడా నిలవాలి. వీటి కోసం కొంత కణజాలాన్ని బుద్ధిపూర్వకంగానే ఉంచుతారు. ఆ మిగిలిన కణజాలం సజీవమైనది. హార్మోనులకు అది మునుపటిలాగే స్పందిస్తుంది. గర్భధారణలో పెరుగుతుంది. బరువు పెరిగితే దానిలోని కొవ్వు పెరుగుతుంది. ముట్లు ఆగిపోయే వయస్సుకు ముందు హార్మోనుల హెచ్చుతగ్గులలో కొందరికి మళ్ళీ వాపు, బరువు వస్తాయి. ఆ తరువాతి కాలంలో గ్రంథి భాగం తగ్గి కొవ్వు భాగం హెచ్చుతుంది కనుక, శరీరం బరువు పెరిగిన కొద్దీ స్తనాల బరువు కూడా తోడవుతుంది.

యుక్తవయస్సు తొలినాళ్ళలోనే స్తనాలు అతివేగంగా పెరిగిపోయే వ్యాధి ఒకటి ఉంది. అటువంటి బాలికలకు ఎదుగుదల ముగియకముందే శస్త్రచికిత్స చేస్తే తిరిగి పెరిగే అవకాశం ఎక్కువ. అందుకే ఎదుగుదల స్థిరపడేవరకు వేచి చూడమని సర్జన్లు సాధారణంగా సలహా ఇస్తారు. అయితే భరించలేని బాధ ఉన్న పదహారేళ్ళ పిల్లను “ఇంకా నాలుగేళ్ళు మోయి” అనడం కూడా అన్ని వేళలా న్యాయం కాదు. రెండవసారి అవసరం రావచ్చునని ముందే చెప్పి, ఇప్పుడు ఉపశమనం కలిగించడం కూడా సరైన వైద్యమే.

ఇవికాక, మొదటిసారి తగినంత తీయకపోవడం, రెండు వైపులా సమానంగా రాకపోవడం, కాలక్రమంలో బరువు కింది భాగానికి జారి చనుమొన పైకి చూస్తున్నట్లు కావడం వంటి కారణాలూ ఉన్నాయి. వీటిలో కొన్ని సర్జన్ నిర్ణయాలకు సంబంధించినవే. చాలావాటికి మాత్రం కాన్పులు, బరువు, వయస్సే కారణాలు. మోకాలి కీలు మార్పిడి పదిహేను, ఇరవై ఏళ్ళ తరువాత మళ్ళీ అవసరమైతే మనం రోగిని నిందించము. కంటికి శుక్లాల శస్త్రచికిత్స చేయించుకున్నవారికి కొన్నేళ్ళకు మళ్ళీ మసక కమ్మితే “నీకెందుకు చూపు” అనము. స్తనాల విషయంలోనే మన మాట మారిపోతుంది.

“అందం కోసం” అనే మాట

ఆ మాట ఎక్కడ నుంచి వచ్చిందో నాకు తెలుసు. స్తనాలను పెంచే శస్త్రచికిత్స, తగ్గించే శస్త్రచికిత్స రెండూ ప్లాస్టిక్ సర్జరీ విభాగంలోనే జరుగుతాయి. సినిమా వార్తల పుణ్యమా అని ప్లాస్టిక్ సర్జరీ అంటే జనానికి అందాల వ్యాపారంగా స్థిరపడింది. కాలిన గాయాలకు, గ్రహణపు పెదవికి, తెగిన వేళ్ళకు చికిత్స చేసేదీ అదే విభాగమన్న సంగతి మరుగున పడింది.

అతిబరువైన స్తనాలు ఏమి చేస్తాయో ఒకసారి లెక్క చూడండి. భారం ముందుకు లాగుతుంటే మెడ, వీపు కండరాలు రోజంతా వెనక్కి లాగిపట్టుకోవాలి. లోదుస్తుల పట్టీలు భుజాలలోకి కోసుకుపోయి శాశ్వతంగా గాడులు పడతాయి. కొందరికి ఆ ఒత్తిడి వల్ల చేతివేళ్ళలో తిమ్మిర్లు వస్తాయి. తలనొప్పి ఉంటుంది. స్తనాల కింది మడతలో చెమట ఆరక శిలీంధ్రాలు చేరి, దురద, పుండు, దుర్వాసన కలుగుతాయి. ఇప్పుడు ఆదోని, ఎమ్మిగనూరు, కృష్ణగిరి ప్రాంతపు స్త్రీ దినచర్యను ఈ లెక్కకు కలపండి. పత్తి తీసేటప్పుడు గంటల తరబడి వంగి నడవాలి. వేరుశనగ చేలో కలుపు తీసేటప్పుడు గొంతుకూర్చోవాలి. పనులు లేని కాలంలో గుంటూరు వైపు మిరప కోతలకు వలస వెళ్ళి, అక్కడా వంగే పని చేయాలి. ఎమ్మిగనూరులో మగ్గం ముందు కూర్చున్న స్త్రీకి ముందుకు వంగిన మెడే జీవనాధారం. వీరికి ఈ బాధ కూలికి సంబంధించిన బాధ. నొప్పి వల్ల వారానికి రెండు రోజులు చేనికి వెళ్ళలేని స్త్రీని అందం కోసం వచ్చావనడం అజ్ఞానం. వైద్యుని నోట ఆ మాట వస్తే అది అపచారం.

రొమేనియాకు చెందిన టెన్నిస్ క్రీడాకారిణి సిమోనా హాలెప్ 2009లో, ఇంకా పదిహేడేళ్ళ వయస్సులోనే ఈ శస్త్రచికిత్స చేయించుకున్నారు. ఆటలో కదలికకు అడ్డుగా ఉన్నాయనీ, నడుము నొప్పి వస్తున్నదనీ బహిరంగంగానే చెప్పారు. 2018లో ఫ్రెంచ్ ఓపెన్, 2019లో వింబుల్డన్ గెలిచారు. ఆటగత్తె వృత్తికి ఇచ్చిన గౌరవం చేలో పనిచేసే మనిషి వృత్తికి ఎందుకు ఇవ్వకూడదు?

ఈ మాటకు డబ్బు రూపంలో కూడా మూల్యం ఉంది. ఆరోగ్య బీమా పాలసీలలో సౌందర్య శస్త్రచికిత్సలకు మినహాయింపు ఉంటుంది. బీమా నియంత్రణ సంస్థ 2019లో ప్రామాణికం చేసిన మినహాయింపుల జాబితాలో ఎనిమిదవ కోడ్ ఇదే. చాలామంది అక్కడితో చదవడం ఆపేస్తారు. అదే నిబంధనలో, ఆరోగ్యానికి ప్రత్యక్షమైన, తక్షణమైన ముప్పును తొలగించేందుకు వైద్యరీత్యా అవసరమైన చికిత్సకు మినహాయింపు వర్తించదనీ, ఆ అవసరాన్ని చికిత్స చేసే వైద్యుడు ధ్రువీకరించాలనీ ఉంది. “ముప్పు” అన్న మాటపై బీమా సంస్థ వాదించవచ్చు. కానీ మన వైద్యుడే కేసు కాగితంపై “అందం కోసం” అన్న ధోరణిలో రాస్తే వాదనకు అవకాశమే ఉండదు. నొప్పి ఎన్నాళ్ళుగా ఉన్నది, ఏ మందులు వాడారు, చర్మవ్యాధి ఎన్నిసార్లు వచ్చింది, ఏ పనులు చేయలేకపోతున్నారు అన్నవి వివరంగా రాయించుకోండి.

రెండవసారి ఏమి మారుతుంది?

ఇక అసలు విషయం. మామిడికాయ తొడిమ మీద వేలాడుతూ ఆ తొడిమ ద్వారానే పోషణ పొందుతుంది. స్తన తగ్గింపులో కూడా సర్జన్ చనుమొనను, దాని చుట్టూ ఉన్న నల్లని వలయాన్ని ఒక కణజాలపు తొడిమ మీద నిలిపి, మిగిలిన భాగాన్ని కోసి తీస్తారు. సర్జన్లు దానిని పెడికిల్ అంటారు. రక్తనాళాలు, నరాలు ఆ తొడిమ గుండానే చనుమొనకు చేరతాయి.

ఈ తొడిమను ఏ దిక్కున ఉంచాలన్న దానిపై గత శతాబ్దమంతా ప్రయోగాలు జరిగాయి. 1922లో మాక్స్ థోరెక్ చనుమొనను పూర్తిగా వేరుచేసి చర్మపు అతుకులాగా తిరిగి అమర్చే పద్ధతిని వివరించారు. 1956లో రాబర్ట్ వైజ్ చర్మంపై గీసే కొలతల నమూనాను ఇచ్చారు. 1960లో స్ట్రోంబెక్ అడ్డంగా రెండు వైపులా ఆధారం ఉంచారు. 1972లో మెకిసాక్ నిలువుగా పైనా కిందా ఉంచారు. ఆ దశాబ్దపు చివరిభాగంలో కింది తొడిమ పద్ధతి వచ్చి అనేక దేశాలలో స్థిరపడింది. 1999లో కెనడా సర్జన్ ఎలిజబెత్ హాల్-ఫిండ్లే లోపలి వైపు తొడిమతో, తక్కువ మచ్చలతో చేసే పద్ధతిని ప్రచురించారు. బయటి నుంచి మచ్చలు చూస్తే ఇవన్నీ ఇంచుమించు ఒకేలా ఉండవచ్చు. లోపల రక్తం నడిచే దారి మాత్రం వేరువేరు.

మొదటిసారి కింది తొడిమ ఉంచి పై భాగాన్ని కోశారనుకోండి. ఇరవై ఏళ్ళ తరువాత వచ్చిన కొత్త సర్జన్‌కు ఆ సంగతి తెలియక, పై తొడిమ ఉంచి కింది భాగాన్ని లోతుగా కోస్తే, చనుమొనకు మిగిలిన ప్రధాన రక్తమార్గం తెగిపోవచ్చు. చనుమొన కొంతగానీ పూర్తిగాగానీ నల్లబడి చచ్చిపోవచ్చు. 1999లో దక్షిణాఫ్రికా సర్జన్లు హడ్సన్, స్కోల్ ఈ విషయంపై రాస్తూ హెచ్చరించినది ఇదే: వీలైనంతవరకు పాత తొడిమనే వాడాలి, అది సాధ్యం కానప్పుడు చనుమొనను అతుకుగా అమర్చడం గురించి ఆలోచించాలి. అతుకుగా అమర్చితే చనుమొన బతుకుతుంది కానీ స్పర్శ చాలావరకు పోతుంది, దాని ద్వారా పాలు ఇవ్వడం సాధ్యం కాదు.

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. తరువాతి కాలంలో హాల్-ఫిండ్లే బృందం వంటివారు మరొక దారి చూపారు. రెండవసారి వచ్చేవారిలో చాలామందికి చనుమొన సరైన చోటనే ఉంటుంది, పెరిగినది ఎక్కువగా కింది భాగమే. కనుక చనుమొనను కదపకుండా, అదనంగా ఉన్నచోటనే కణజాలాన్ని తీసి, లైపోసక్షన్‌తో కొవ్వును తగ్గిస్తే, మొదటి పద్ధతి తెలియకపోయినా సురక్షితంగా చేయవచ్చునని వారి అనుభవం. “మరి కాగితం లేకపోతే నష్టమేమిటి?” అని మీరు అడగవచ్చు. నష్టం ఉంది. చనుమొనను పైకి జరపవలసిన అవసరం ఉన్న స్త్రీకి ఈ దారి చాలదు. అప్పుడు సర్జన్ చీకట్లో నడవాలి, లేదా అతి జాగ్రత్తతో తక్కువ తీయాలి, లేదా “నా వల్ల కాదు” అని పంపించాలి. కాగితం ఉంటే నాలుగు దారులలో మంచిదానిని ఎంచుకుంటారు. కాగితం లేకపోతే మిగిలినదానితో సరిపెట్టుకుంటారు. ఆ సరిపెట్టుకోవడం రోగి దేహం మీద జరుగుతుంది.

మూడేళ్ళ నిబంధన

మన దేశంలో వైద్యుల వృత్తి ప్రవర్తనా నియమావళి 2002 ప్రకారం, ఆసుపత్రిలో చేరి చికిత్స పొందినవారి రికార్డులను చికిత్స మొదలైన తేదీ నుంచి మూడేళ్ళు భద్రపరచాలి. రోగిగానీ, అధీకృత ప్రతినిధిగానీ అడిగితే 72 గంటలలో ఇవ్వాలి. రెండవ నియమం మంచిది, కానీ దానిని వాడుకునే రోగులు బహు అరుదు. మొదటి నియమం ఈ విషయంలో దాదాపు నిరుపయోగం. స్తన తగ్గింపు తరువాత రెండవ శస్త్రచికిత్స అవసరం మూడేళ్ళలో వచ్చేది తక్కువ. పది, పదిహేను, ఇరవై ఏళ్ళకు వస్తుంది. అప్పటికి ఆసుపత్రి పేరు మారి ఉండవచ్చు, మూతపడి ఉండవచ్చు, సర్జన్ విదేశాలకు వెళ్ళి ఉండవచ్చు, కీర్తిశేషులై ఉండవచ్చు.

“అన్ని కాగితాలను ఇరవై ఏళ్ళు దాచడం ఏ ఆసుపత్రికి సాధ్యం?” అని తోటి వైద్యులు నన్ను అడుగుతారు. నేను అన్ని కాగితాలనూ అడగడం లేదు. జ్వరం పట్టికలు, సెలైన్ లెక్కలు ఎవరికీ అక్కరలేదు. ఒక్క పుట చాలు. సర్జన్ ఆపరేషన్ థియేటరులో ఎలాగూ రాసే శస్త్రచికిత్స వివరణ అది. దాని నకలు రోగికి ఇవ్వడానికి అయ్యే ఖర్చు ఒక రూపాయి. లక్షల బిల్లు ఇచ్చేచోట ఆ రూపాయి కాగితం ఎందుకు ఇవ్వరు? కొందరు అలవాటు లేక, కొందరు రోగికి అర్థం కాదని, కొందరు రేపు వివాదం వస్తే తమ మీదికే వస్తుందని. మూడూ సమర్థించదగిన కారణాలు కావు. అది రోగికి అర్థం కానక్కరలేదు, తరువాతి సర్జన్‌కు అర్థమైతే చాలు.

“ఇచ్చినా వీళ్ళు పారేస్తారు” అనే మాట కూడా విన్నాను. మన రైతు కుటుంబాల ట్రంకు పెట్టెలు తెరిచి చూడండి. తాతగారి కాలపు దస్తావేజు, పట్టాదారు పాసుపుస్తకం, బ్యాంకులో బంగారం కుదువపెట్టిన రశీదు ప్లాస్టిక్ సంచిలో భద్రంగా ఉంటాయి. విలువ ఉన్నదని చెప్పిన కాగితాన్ని మనవారు పారేయరు. ఈ కాగితానికి విలువ ఉన్నదని ఎవరూ చెప్పలేదు, అంతే. 2021 సెప్టెంబరులో దేశవ్యాప్తంగా ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద పద్నాలుగు అంకెల ఆరోగ్య ఖాతా సంఖ్య వచ్చింది. మంచిదే. కానీ ఆసుపత్రి ఆ వివరణను దానిలో చేర్చకపోతే అది ఖాళీ పెట్టెగానే మిగులుతుంది.

మీరుగానీ మీ ఇంటివారుగానీ ఈ శస్త్రచికిత్స చేయించుకుంటే, ఇంటికి వచ్చేముందు ఈ వివరాలున్న కాగితం అడగండి:

1. శస్త్రచికిత్స తేదీ, సర్జన్ పేరు.
2. చర్మంపై కోత ఏ ఆకారంలో పెట్టారు, తొడిమ ఏ దిక్కున ఉంచారు. చేతితో గీసిన చిన్న బొమ్మ ఉంటే మరీ మంచిది.
3. ఒక్కొక్క వైపు ఎన్ని గ్రాములు తీశారు.
4. చనుమొనను ఎన్ని సెంటీమీటర్లు జరిపారు, లేక అతుకుగా అమర్చారా.
5. తీసిన కణజాలం పరీక్ష నివేదిక. అనుమానం లేని స్తనాలలో కూడా అరుదుగా క్యాన్సరు ఈ పరీక్షలోనే బయటపడుతుంది.
6. గాయం మానడంలో ఏమైనా ఇబ్బంది వచ్చిందా.

ఎవరు ఆగాలి, ఎవరు ముందుకు వెళ్ళవచ్చు?

రెండవ శస్త్రచికిత్స అందరికీ మంచిదని నేను అనడం లేదు. ఇంకా పిల్లలు కావాలనుకునేవారు ఆగడం మేలు, మళ్ళీ గర్భం వస్తే మళ్ళీ పెరగవచ్చు. బరువు ఇంకా పెరుగుతూ ఉన్నవారు ముందు దానిని స్థిరపరచుకోవాలి. మధుమేహం అదుపులో లేకపోతే, రక్తహీనత ఉంటే, మొదట వాటిని సరిచేయాలి. బీడీ, సిగరెట్టు మాత్రమే కాదు, నమిలే పొగాకు, నశ్యం కూడా రక్తనాళాలను కుదిస్తాయి. ఒకసారి కోసి కుట్టిన స్తనంలో రక్తప్రసరణకు అసలే వెసులుబాటు తక్కువ. కనీసం నాలుగు వారాల ముందు నుంచి, గాయం పూర్తిగా మానేవరకు వాటిని మానివేయాలి. తాంబూలంలో పొగాకు వేసుకునే అలవాటు మన ప్రాంతపు స్త్రీలలో ఉన్నదే. వైద్యుడు అడగకపోయినా మీరే చెప్పండి.

నలభై దాటినవారు ముందుగా మామోగ్రామ్ చేయించుకోవాలి. పాత శస్త్రచికిత్స సంగతి రేడియాలజిస్టుకు తప్పక చెప్పాలి. పాత మచ్చలు, గట్టిపడిన కొవ్వు, సున్నపు మరకలు గడ్డలను పోలి కనిపించి తికమక పెడతాయి. ఒకే వైపు వేగంగా పెరిగినా, గడ్డ తగిలినా, చనుమొన నుంచి రక్తం కారినా, దానిని తగ్గింపు సమస్యగా భావించవద్దు. అది వెంటనే పరీక్షించవలసిన విషయం. మచ్చలు ఉబ్బి గట్టిపడే స్వభావం ఉన్న చర్మమైతే రెండవసారి కూడా అలాగే కావచ్చు. గాయం మానడం ఆలస్యం కావచ్చు, స్పర్శ తగ్గవచ్చు. ఇవన్నీ తెలిసి నిర్ణయించుకోవాలి. తెలియజేయడం వైద్యుని బాధ్యత, నిర్ణయం ఆమెది. ఇంట్లో పెద్దావిడది కాదు.

నన్ను చూడవచ్చిన ఆ మహిళ విషయం చెప్పి ముగిస్తాను. ఆమె చనుమొనలను జరపవలసిన అవసరం లేకపోవడం అదృష్టం. సర్జన్ కింది భాగం నుంచి, పక్కల నుంచి అదనపు కణజాలాన్ని తీసి, మిగిలినది లైపోసక్షన్‌తో తగ్గించారు. “మొదటి వివరాలు ఉంటే ఇంకాస్త తీసేవాడిని” అన్నారట. ఆమె మెడనొప్పి బాగా తగ్గింది, పూర్తిగా పోలేదు. ఈసారి ఆసుపత్రి నుంచి వచ్చేముందు, నేను రాసి ఇచ్చిన ఆరు ప్రశ్నల చీటీని సర్జన్ ముందు పెట్టారు. ఆయన విసుక్కోకుండా ఒక పుట నిండా రాసి, బొమ్మ గీసి, సంతకం చేసి ఇచ్చారు.

ఆ కాగితం ఇప్పుడు పాసుపుస్తకం పక్కన ఉందని ఫోనులో చెప్పారు. “మళ్ళా అవసరం పడకపోవచ్చు సార్. పడితే మాత్రం ఈసారి నేను ఎవురినీ అడుక్కోను” అన్నారు. మీ ఇంట్లో ఎవరికైనా, ఏ శస్త్రచికిత్స జరిగినా సరే, ఆ పుట మీ పెట్టెలో ఉందో లేదో ఈ రోజే చూసుకోండి. మూడేళ్ళు దాటకపోతే వెళ్ళి అడగండి. 72 గంటలలో ఇవ్వడం వారి విధి.